నాయనమ్మ కునుకు: టోర్నడో సీజన్ భయంపై ఒక కేస్ స్టడీ

ఓక్లహోమా సిటీ ప్రాంతంలో కౌన్సెలింగ్ చేస్తున్నాను. మార్చి వచ్చి టోర్నడోల, అంటే ఇళ్ళు కూల్చే సుడిగాలుల, సీజన్ మొదలైందంటే ఇక్కడ నాకు వచ్చే ఫోన్ల తీరే మారిపోతుంది. నిద్ర పట్టడం లేదని, మబ్బు పడితే చేతులు చల్లబడిపోతున్నాయని, పిల్లాడిని బడికి పంపబుద్ధి కావడం లేదని చెబుతారు. ఏప్రిల్, మే, జూన్ గడిచేదాకా ఇంతే. ఈ మధ్య వాళ్ళలో తెలుగువాళ్ళూ ఎక్కువయ్యారు. వాళ్ళలో ఒకామె కథ ఇది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు చెప్పను, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. మొదట్లో నేను చేసిన తప్పు కూడా దాచకుండా రాస్తాను. ఇలాంటి కేసు చేతికొచ్చిన వాళ్ళు అదే తప్పు చేసే వీలు చాలా ఉంది.

వచ్చినప్పటి పరిస్థితి

2024 మార్చి రెండో వారం. ఆమెకు ముప్పై అయిదేళ్ళు. పుట్టి పెరిగింది కోనసీమలో, అమలాపురం దగ్గర. పెళ్ళయి అమెరికా వచ్చాక ఏడేళ్ళు న్యూజెర్సీలో ఉన్నారు. భర్త ఉద్యోగం మారడంతో మూడేళ్ళ కిందట ఇక్కడికి వచ్చి, నగరానికి దక్షిణాన ఇల్లు కొనుక్కున్నారు. ఆరేళ్ళ బాబు. ఆ ఇంటి నుంచి మూర్ పట్టణం కారులో పది నిమిషాలు.

మూర్ గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట. 1999 మే 3న వచ్చిన ఎఫ్-5 (తీవ్రతలో అన్నిటికన్నా పై మెట్టు) టోర్నడో బ్రిడ్జ్ క్రీక్ నుంచి మూర్ మీదుగా సాగింది. సంచార రాడార్‌తో అందులో కొలిచిన గాలి వేగం గంటకు 300 మైళ్ళ పైమాటే. 36 మంది పోయారు. 2013 మే 20న మళ్ళీ అదే పట్టణం మీదికి ఈఎఫ్-5 (సవరించిన కొలమానంలో అదే పై మెట్టు) వచ్చింది. 24 మంది పోయారు, అందులో ఏడుగురు ఒకే ప్రాథమిక పాఠశాల పిల్లలు. ఈ రెండింటి మధ్య 2003లోనూ 2010లోనూ మూర్‌కి దెబ్బ తగిలింది. కొత్తగా వచ్చినవాళ్ళకు పక్కింటివాళ్ళు చెప్పే తొలి కబుర్లలో ఇదొకటి. ఈమెకూ గృహప్రవేశం రోజునే చెప్పారట.

మొదటి రెండు సీజన్లు ఎలాగో నెట్టుకొచ్చింది. మూడో ఏడాది శరీరం మొరాయించింది. రాత్రి పడుకునేది, పన్నెండుకల్లా లేచి హాల్లో సోఫాలో కూర్చునేది. ఫోన్లో అయిదు వెదర్ యాప్‌లు. ఒక రోజు రాడార్ ఎన్నిసార్లు తెరిచిందో లెక్క పెట్టమంటే, సాయంత్రం ఆరింటికే 41 దాటిందని రాసుకొచ్చింది. ఆ రోజు వాన సూచన కూడా లేదు, ఉత్త గాలి. ఓక్లహోమాలో గాలి లేని రోజు ఎక్కడుంది కనుక?

టోర్నడో వాచ్, అంటే టోర్నడో వచ్చే వీలుందన్న సూచన, పడిన రోజు మధ్యాహ్నమే బడికి వెళ్ళి బాబును తీసుకొచ్చేసేది. రెండుసార్లయితే వాడిని కారెక్కించుకుని ఐ-35 హైవే మీద దక్షిణంగా మూడు గంటలు నడిపి, డాలస్ దగ్గర స్నేహితురాలి ఇంటికి చేరింది. భర్త ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. "ఈయన గురక పెట్టి నిద్రపోతారండీ. ఇంట్లో ఒకరైనా మెలకువగా ఉండాలి కదండీ!" అంది. ఆ మాట అలాగే రాసుకున్నాను, కానీ దాని బరువు నాకు అప్పుడు తెలియలేదు.

ఆమె చూపించుకున్న డాక్టరు నిద్రమాత్రలు రాశారు. ఒక్కటీ వేసుకోలేదు. "మత్తులో ఉంటే సైరన్ వినపడదు కదండీ" అంది. ఇది మొండితనం కాదు. టోర్నడో వచ్చే రాత్రి లేవగలగడం నిజంగానే ప్రాణావసరం. మందు రాసేవాళ్ళు ఈ ప్రాంతంలో ఆ సంగతి అడిగి తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ఆందోళనను కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళిలో 21కి 17 వచ్చింది. నిద్రలేమిని కొలిచే ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్‌లో 28కి 22. రెండూ తీవ్రమైన కోవలోకే వస్తాయి. ప్రకృతి వైపరీత్యాలకు సంబంధించిన స్పెసిఫిక్ ఫోబియా (ఒక ప్రత్యేక విషయం మీద అదుపు లేని భయం), దానితోపాటు నిద్రలేమి అని రాసుకున్నాను. చిన్నప్పటి తుఫాను గురించి అడిగాను. "ఆ, 96లో చూశామండీ, అందరూ చూసిందే" అని తేల్చేసింది. పీడకలలు లేవు, ఆ జ్ఞాపకం నుంచి తప్పించుకోవడమూ లేదు. అందుకని పీటీఎస్‌డీ (పాత ఘోర అనుభవం వదలకుండా వేధించే రుగ్మత) అనలేదు. ఆ తుఫానును అంతటితో వదిలేశాను.

నేను చేసిన తప్పు

రెండో సెషన్‌లో లెక్కలు చెప్పాను. టోర్నడోల్లో చాలా వరకు బలహీనమైనవే, ఈఎఫ్-0, ఈఎఫ్-1 స్థాయివే. వార్నింగ్ ఇచ్చిన సార్లలో సుమారు మూడింట రెండు వంతుల పైన టోర్నడో అసలు నేల తాకదు. ఒకానొక ఇంటికి తగిలే అవకాశం ఏ ఏడాదైనా చాలా తక్కువ. ఇవన్నీ నిజాలే.

ఆమె ఓపిగ్గా విని, "మూర్ వాళ్ళకు కూడా ఇదే లెక్క చెప్పి ఉంటారా డాక్టర్ గారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మిగతా ఫోబియాలకు మేం చేసేది వేరు. కుక్కంటే భయపడే మనిషికి ఈ కుక్క కరవదని అనుభవం మీద తెలిసొచ్చేలా చేస్తాం. లిఫ్ట్ అంటే భయపడితే లిఫ్ట్ ఎక్కిస్తాం. ఇక్కడ ఆ మాట ఇవ్వలేం. ఈ ఊరి మీదికి టోర్నడో రాదని ఏ మనస్తత్వవేత్తా చెప్పలేడు, చెబితే అబద్ధం. ఆమె భయంలో సగం సరైనదే. నేను లెక్కలతో ఆ సరైన సగాన్ని కూడా తీసేయబోయాను. ఆమె నన్ను నమ్మడం మానేసింది. తర్వాతి రెండు వారాలు రాలేదు.

ఏప్రిల్ మొదట్లో తిరిగి వచ్చింది. ఆమె కోసం కాదు, బాబు కోసం. వాడు బడిలో మబ్బు చూసి వాంతి చేసుకున్నాడట. ఇంట్లో ఉన్నప్పుడు పది నిమిషాలకోసారి "అమ్మా, రెడ్ బాక్స్ వచ్చిందా?" అని అడుగుతున్నాడట. టోర్నడో వార్నింగ్ ఇచ్చిన ప్రాంతాన్ని మ్యాపులో ఎర్ర గీతతో చుడతారు. వాడికి తెలిసిన మొదటి బొమ్మల పుస్తకం అదే అయింది. అది చెబుతూ ఆమె ఏడ్చింది. తన నుంచే అంటిందని ఆమెకు తెలుసు.

మూత మీద బియ్యం బస్తాలు

ఈసారి లెక్కలు పక్కన పెట్టి, "వార్నింగ్ వస్తే ఎక్కడికి వెళ్తారు?" అని అడిగాను.

ఓక్లహోమాలో ఇళ్ళకు నేలమాళిగలు అరుదు. ఇక్కడి ఎర్ర బంకమట్టి తడిసి ఉబ్బుతుంది, ఎండి కుంచించుకుపోతుంది. అందుకని చాలామంది గ్యారేజీ కాంక్రీటు కోసి, నేలలోకి ఉక్కు పెట్టె దించి, పైన జారే మూత పెట్టించుకుంటారు. అదే స్టార్మ్ షెల్టర్. వీళ్ళు కొన్న ఇంట్లో అది ముందే ఉంది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా తెరవలేదట. లోపల సాలీళ్ళు ఉంటాయని, మూత బిగుసుకుపోతే ఎలాగని.

ఫోటో తీసి పంపమన్నాను. ఆ రాత్రే పంపింది. ఆ ఫోటో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. మూత కనిపించడమే లేదు. దాని మీద రెండు సోనామసూరి బియ్యం బస్తాలు, బాబు చిన్నప్పటి తోపుడు బండి, ఇండియా నుంచి తెచ్చిన పచ్చళ్ళ అట్టపెట్టె, సగం గాలి పోయిన సైకిలు.

రోజుకు 41 సార్లు రాడార్ చూసే మనిషి ఇంట్లో, దాక్కోవలసిన గుంత మీద యాభై కిలోల బరువు! ఆమెను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇలాంటివాళ్ళు ఇంకా చాలామంది కనిపించారు నాకు. ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండటంతోనే ఒంట్లో ఓపికంతా అయిపోతుంది. చేయవలసిన పని అలాగే మిగిలిపోతుంది. చూస్తూ ఉండటమే ఏదో చేస్తున్నట్టు అనిపిస్తుంది కూడా.

అప్పటి నుంచి చికిత్స దారి మారింది. భయాన్ని తగ్గించే మాటే ఎత్తలేదు. భయం అడుగుతున్న పని ఏదో ముందు అది చేద్దాం అన్నాను. ఆ ఆదివారం భార్యాభర్తలిద్దరూ కలిసి మూత ఖాళీ చేశారు, లోపల తుడిచారు. రెండు టార్చిలైట్లు, నీళ్ళ సీసాలు, ముగ్గురికీ పాత బూట్లు, బాబు సైకిల్ హెల్మెట్ పెట్టారు. బూట్లు ఎందుకని భర్త అడిగారు. టోర్నడో తర్వాత నేలంతా గాజుపెంకులూ మేకులూ ఉంటాయి, చాలామంది పాదాలు కోసుకునేది అప్పుడే. తమ ఇంట్లో షెల్టర్ ఉందని నగరపాలక సంస్థ రిజిస్టరులో నమోదు చేసుకున్నారు. ఇల్లు కూలి మూత మీద పడితే వెతికేవాళ్ళకు ఎక్కడ వెతకాలో ముందే తెలిసి ఉంటుంది. "మూత బిగుసుకుపోతే" అన్న ఆమె భయానికి ఆ ఒక్క కాగితం చాలా వరకు జవాబు చెప్పింది.

కారులో పారిపోవడం గురించి మాత్రం గట్టిగానే మాట్లాడాను. 2013 మే 31న, మూర్ విషాదం జరిగి పదకొండు రోజులకే, ఎల్ రెనో దగ్గర 2.6 మైళ్ళ వెడల్పు టోర్నడో వచ్చింది. భయపడిపోయిన జనం కార్లెక్కారు. రోడ్లు కిక్కిరిసిపోయాయి. ఆ టోర్నడోలో చనిపోయిన ఎనిమిది మందీ వాహనాల్లో ఉన్నవాళ్ళే. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను బాబును తీసుకుని వెళ్ళిందీ ఆ రోడ్ల మీదేనండీ" అంది.

పోర్టు నంబర్లు

నార్మన్‌లోని స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్, అంటే ఇలాంటి గాలివానలను అంచనా వేసే ప్రభుత్వ కేంద్రం, రోజువారీ ముప్పును అయిదు మెట్లుగా చెబుతుంది: మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్‌డ్, మోడరేట్, హై. ఈ పేర్లతో ఇంగ్లీషువాళ్ళే తికమక పడతారు. మోడరేట్ అంటే ఓ మోస్తరు అనుకుంటాం, కానీ అది నాలుగో మెట్టు. ఆమెకు మాత్రం మార్జినల్ వచ్చినా హై వచ్చినా ఒకటే దడ.

పేర్లు మరిచిపోయి ఒకటి నుంచి అయిదు అంకెలు మాత్రమే గుర్తుపెట్టుకోమన్నాను. వెంటనే ఆమె ముఖంలో వెలుగు వచ్చింది. "పోర్టు నంబర్లలాగానా అండీ? రేడియోలో 'కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అంటే మా నాన్న గొడ్లను విప్పి మెరక మీదికి తోలేవారు. పదో నంబరు అన్నాక ఇంక పనేమీ ఉండదు, తలుపులేసుకుని కూర్చోవడమే."

ఈ పోలిక నాకు తట్టలేదు, ఆమె ఇచ్చింది. మన కోస్తాలో ఎవరికైనా ఎగరేసిన నంబరును బట్టి చేయవలసిన పని తెలుసు. ఆ పద్ధతి మీదే ఆమె పట్టిక రాసుకుంది. ఒకటికీ రెండుకీ ఏమీ లేదు, మామూలు రోజే. మూడుకు మూత తెరిచి చూడాలి, ఫోన్లు చార్జింగ్ పెట్టాలి. నాలుగుకు భర్త ఇంటి నుంచి పని చేయాలి, అన్నాలు పెందలాడే అయిపోవాలి. అయిదుకు ముగ్గురూ గ్యారేజీకి దగ్గరగా ఉండాలి. వాచ్ అంటే సముద్రంలో వాయుగుండం పడినట్టు, వార్నింగ్ అంటే గుమ్మంలోకి వచ్చేసినట్టు. వార్నింగ్‌కి ఆలోచన ఉండదు, దిగడమే. తుఫానుకు రెండు మూడు రోజుల వ్యవధి ఉంటుంది. టోర్నడోకు వార్నింగ్ పడ్డాక చేతిలో ఉండేది పది, పదిహేను నిమిషాలు, ఒక్కోసారి అదీ ఉండదు. కాబట్టి ఆలోచనంతా ముందే అయిపోవాలి.

ఫోన్‌లో అయిదు యాప్‌లు తీసేసి, నార్మన్‌లోని నేషనల్ వెదర్ సర్వీస్ పేజీ ఒక్కటే ఉంచాం. పొద్దున, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఏడింటికి, మూడుసార్లే చూడాలి. మొదటి వారం నరకం అంది. మూడో వారానికి రోజుకు అయిదారు సార్లకు వచ్చింది. మూడుకు ఎప్పుడూ రాలేదు, నేనూ పట్టుబట్టలేదు.

ఎవరు మెలకువగా ఉండాలి?

పగటి భయం తగ్గింది కానీ రాత్రి తగ్గలేదు. ఏప్రిల్ 27 రాత్రి సల్ఫర్ పట్టణాన్ని టోర్నడో ధ్వంసం చేసింది, ఆ రాత్రి ఓక్లహోమాలో మనుషులు పోయారు. అది చీకట్లో వచ్చింది. ఆ వార్తతో ఆమె మళ్ళీ సోఫాలోకి వెళ్ళిపోయింది. మూత ఖాళీగా ఉంది, పట్టిక గోడ మీద ఉంది, అయినా నిద్రపోవడం మటుకు ఆమెకు నేరంలా అనిపిస్తోంది.

అప్పుడు నా పాత నోట్సు తిరగేశాను. "ఇంట్లో ఒకరైనా మెలకువగా ఉండాలి కదండీ." ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. 96 తుఫాను అప్పుడు బయటికి వచ్చింది.

1996 నవంబరు 6. దీపావళికి నాలుగు రోజులుంది. ఆమెకు ఏడేళ్ళు. పెంకుటిల్లు. నాన్న పని మీద కాకినాడలో చిక్కుకుపోయారు. చీకటి పడ్డాక గాలి ముదిరింది. నాయనమ్మ పిల్లలను లేపి, ఒకరి చేయి ఒకరికి పట్టించి, వాన కొడుతుంటే పక్క వీధిలో డాబా ఇంటికి నడిపించింది. తెల్లారి చూస్తే ఇంటి పైకప్పు లేదు, దూలం మంచాల మీద పడి ఉంది. కనుచూపు మేర కొబ్బరిచెట్లు ఒకే వైపుకు పడుకుని ఉన్నాయి. ఆ తర్వాత ఏటా దీపావళి ముందు ఇంట్లో ఎవరో ఒకరు అనేవారట: "ఆ రాత్రి మీ నాయనమ్మ కునుకు తీసి ఉంటే ఈ ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు ఉండేవారు కాదు."

ఆ మాట ఆమెకు వేదవాక్కు. ఇంటిని కాపాడే ఆడది నిద్రపోదు. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ బాధ్యత తన మీద పడింది. ఇది జబ్బు మనిషి ఆలోచన కాదు, ప్రేమ గల మనిషి ఆలోచన. దాన్ని తప్పుడు నమ్మకం అని చెరిపేయడానికి నాకు చేతులు రాలేదు.

ఆ రాత్రి అక్కడున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. మేనత్త ఉంది, డెబ్భై దాటింది, రాజమండ్రిలో ఉంటుంది. ఫోన్ చేసి, ఆ రోజు పొద్దుటి నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పించుకోమన్నాను. పైకప్పు కూలడం గురించి కాదు, దానికి ముందు జరిగినవి. నేను ఆశించింది ఒక్కటే, నాయనమ్మ ముందుగా ఏమేం సర్దుకుందో తెలిస్తే పట్టికకు బలం వస్తుందని.

తర్వాతి వారం ఆమె నా ముందు కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకున్నది వినిపించింది. మేనత్త గొంతు, వెనక ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత.

"మీ నాయనమ్మ మధ్యాహ్నమే డాబా వాళ్ళతో మాట్లాడేసిందే. పొలం కాగితాలు, బియ్యం డబ్బా పొద్దు ఉండగానే అక్కడికి పంపించేసింది. మీకు అన్నాలు పెట్టి, నన్ను పిలిచి, 'ఒసేవ్, నాకు కళ్ళు మూసుకుపోతున్నాయి, నేనో కునుకు తీస్తాను, పెంకులు కదిలిన చప్పుడైతే లేపు' అంది. నేనే లేపాను. లేచీ లేవగానే పిల్లలను తీసుకుని నడిచింది. నిద్రపోలేదని ఎవరు చెప్పారే నీకు?"

రికార్డింగు ఆపేసి ఆమె, "పడుకుందండీ. నాయనమ్మ పడుకుంది" అంది. రెండుసార్లు అంది.

ఇరవై ఎనిమిదేళ్ళ నాటి జ్ఞాపకం, మేనత్త చెప్పింది అక్షరాలా నిజమో కాదో నేను తేల్చలేను. చికిత్సకు అది అవసరం కూడా లేదు. ఆమెకు అందిన కథ అంతకుముందు ఒకటే ఉంది, ఇప్పుడు రెండయ్యాయి. రెండో దానిలో నాయనమ్మ ఎక్కడికి వెళ్ళాలో మధ్యాహ్నమే తేల్చుకుంది, ఏ చప్పుడుకు లేవాలో చెప్పింది, ఆ చప్పుడు వినే పని మరొకరికి అప్పగించింది, పడుకుంది.

మరి ఈ ఇంట్లో మేనత్త ఎవరు? సైరన్ కాదు. ఊళ్ళో మోగే సైరన్లు ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి. తలుపులు, ఏసీ, వాన చప్పుడు మధ్య నిద్రపోయే మనిషిని లేపుతాయని నమ్మకూడదు. వెదర్ రేడియో కొనిపించాను. దానిలో కౌంటీ కోడ్ వేసుకుంటే ఆ కౌంటీకి వార్నింగ్ పడినప్పుడే అరుస్తుంది, కరెంటు పోయినా బ్యాటరీ మీద పని చేస్తుంది. ఫోన్లలో అత్యవసర అలర్టులు ఎలాగూ ఉంటాయి. భర్త తన ఫోన్ పడకగది బయట చార్జింగ్ పెట్టే అలవాటు మానుకుని తలగడ పక్కకు తెచ్చారు. ఆయనను ఒక సెషన్‌కు పిలిచాను. "ఏమీ కాదులే" అన్న మాట తాను ధైర్యం చెప్పడానికే అంటున్నానని ఆయన అనుకున్నారు. ఆమెకు అది "కాపలా అంతా నీదే" అని వినపడిందని తెలిసి నిజంగా ఆశ్చర్యపోయారు.

రేడియో మోగితే తనకు మెలకువ రాదని ఆమె గట్టిగా నమ్మింది. ఎంత నమ్మకం అంటే నూటికి ఎనభై అంది. పరీక్షించి చూద్దాం అన్నాను. ఏ రాత్రో చెప్పకుండా భర్త రెండింటికి లేచి టెస్ట్ బటన్ నొక్కాలి. మే రెండో వారంలో నొక్కారు. ఆయన చెప్పిన ప్రకారం, మొదటి కూత పూర్తికాకముందే ఆమె మంచం దిగి బాబు గది తలుపు దగ్గర ఉంది. ఆ తెల్లవారుజామున మళ్ళీ పడుకుని ఏడింటి దాకా లేవలేదు. మూడు నెలల్లో అంతసేపు నిద్రపోవడం అదే మొదలు.

బాబు

వాడితో నేను విడిగా చేసింది తక్కువ. తల్లి మారుతుంటే వాడూ మారాడు. షెల్టర్‌లో దిగడం మాత్రం ముగ్గురూ కలిసి మెట్టు మెట్టుగా సాధన చేశారు. మొదట మూత తెరిచి చుట్టూ కూర్చోవడం, తర్వాత లోపల ఒక నిమిషం, తర్వాత మూత వేసి అయిదు నిమిషాలు. వాడు టార్చిలైటుతో గోడ మీద నీడలతో ఆడుకున్నాడు. ఆమెకు తొలిసారి ఊపిరి ఆడనట్టయి మధ్యలోనే బయటికి వచ్చేసింది. నాలుగోసారికి పదిహేను నిమిషాలు ఉండగలిగింది.

నిజమైన ఉరుముల్లో బయట నిలబెట్టే సాధన నేను ఎవరితోనూ చేయించను. పిడుగు పాటు చికిత్స కాదు. కానీ ఉత్త గాలి వేరు. ఒక శనివారం లేక్ హెఫ్నర్ దగ్గరికి పంపించాను, అక్కడ గాలి ఎప్పుడూ హోరుమంటూనే ఉంటుంది. గాలిపటం ఎగరేశారు. గాలి చప్పుడుకూ ముప్పుకూ మధ్య ఆమె ఒంట్లో వేసుకున్న ముడి అక్కడ కొంచెం వదులైంది.

ఓక్లహోమా సిటీలో శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్లు పరీక్షిస్తారు. అంతకుముందు ఆ సమయానికి ఆమె టీవీ సౌండ్ పెంచి బాత్రూమ్‌లో ఉండేది. ఇప్పుడు ఆ వేళకు వంటింటి కిటికీ తెరిచి దోశలు పోయడం మొదలుపెట్టింది. పిల్లాడికి శనివారం సైరన్ అంటే దోశ.

తర్వాత

ఆగస్టు చివరికి పద్నాలుగు సెషన్లయ్యాయి. జీఏడీ-7 లో 8, నిద్ర సూచికలో 9 వచ్చాయి. సీజన్ అయిపోయాక వచ్చిన అంకెలవి. వేసవి చివర్లో ఇక్కడ ఎవరికైనా కాస్త తగ్గుతాయి. అందుకే వాటిని నేను పూర్తిగా నమ్మలేదు, ఆమెకూ అలాగే చెప్పాను.

అసలు పరీక్ష ఎవరూ ఎదురుచూడని నెలలో వచ్చింది. 2024 నవంబరు 3, ఆదివారం, అర్ధరాత్రి దాటాక ఓక్లహోమా సిటీ ప్రాంతాన్ని టోర్నడోలు తాకాయి. ఇళ్ళు కూలాయి, జనం గాయపడ్డారు. వీళ్ళింట్లో రేడియో మోగింది. ముగ్గురూ దిగారు, నలభై నిమిషాలు లోపలే ఉన్నారు. భర్త మూత వేశారు, ఆమె బాబుకు హెల్మెట్ పెట్టి బూట్లు తొడిగింది. వాళ్ళ వీధికి ఏమీ కాలేదు.

మర్నాడు ఆమె ఫోన్ చేసింది. ఒళ్ళంతా వణికిందని, బయటికి వచ్చాక అరగంట ఏడ్చానని చెప్పింది. "కానీ అంతకుముందు పడుకునే ఉన్నానండీ. రేడియో లేపింది" అంది. తర్వాతి రెండు వారాలూ నిద్ర మళ్ళీ చెడింది, జీఏడీ-7 లో 13 దాకా వెళ్ళింది. అదనంగా మూడు సెషన్లు చేశాం. దానిని వెనకడుగుగా నేను రాసుకోలేదు. ఇల్లు కూలే గాలి కొన్ని మైళ్ళ దూరంలో పోతే వణకని ఒళ్ళు ఎవరికి ఉంటుంది?

అన్నీ తీరిపోలేదు. న్యూజెర్సీ తిరిగి వెళ్ళిపోదామా అన్న మాట వాళ్ళింట్లో ఇంకా నలుగుతోంది, ఉద్యోగం, వీసా, ఇంటి అప్పు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, అది ఓడిపోవడం కాదని నేను చెప్పాను. ముప్పు ఉన్న చోటు వదిలి వెళ్ళడం తప్పేమీ కాదు. కానీ ఆ నిర్ణయం రాత్రి రెండింటికి సోఫాలో కూర్చుని తీసుకోకూడదు.

ఈ ఏప్రిల్‌లో ఫాలో-అప్‌కి వచ్చినప్పుడు ఆమె ఒక శనివారం సంగతి చెప్పింది. పన్నెండైంది, పెనం మీద దోశ పోసింది, సైరన్ మోగలేదు. "అమ్మా, సైరన్ రాలేదు" అన్నాడు బాబు. తుఫాను వాతావరణం ఉన్న రోజు పరీక్ష ఆపేస్తారని, నిజం సైరన్ అనుకుని జనం కంగారు పడకుండా, ఆమెకు తెలుసు. చేతులు కడుక్కుని ఫోన్ ఒక్కసారి చూసింది. మూడో నంబరు. గ్యారేజీలోకి వెళ్ళి మూత జరిపి, టార్చిలైటు వెలిగించి చూసి, మళ్ళీ మూసి వచ్చింది. అప్పటికి దోశ మాడిపోయింది. ఇంకోటి పోసిందట.